ఎసోన్గెబెరు తీరమున ఎనిమిది చేతుల ప్రాణి



2019 నవంబరులో దేవుని కృపను బట్టియు, విదేశాలలో ఉన్న మా బంధువుల సహాయమును బట్టియు మేమును మా శ్రీమతియు పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళి క్షేమముగా తిరిగి వచ్చాము. బేత్లెహేమును గూర్చి, గలిలయ సముద్రమును గూర్చి, ఒలీవల కొండను గూర్చి ఎందరో దైవజనులు వ్రాశారు. మేము వాటిని విడిచి, యాత్రికులు ఒక రాత్రి నిద్రచేసి దాటిపోయే ఊరిని గూర్చి వ్రాయదలచాము. ఆ ఊరి పేరు ఏలాత్. మన బైబిలులో ఏలతు. దాని ప్రక్కనే ఎసోన్గెబెరు. అక్కడ సముద్రములో మేము చూచిన ఒక ప్రాణి, ఇంటి దగ్గర మేము జవాబు చెప్పకుండా వదిలివెళ్ళిన ఒక ప్రశ్నను మళ్ళీ మా ముందు నిలబెట్టింది. అందుచేత ముందుగా ఆ ప్రశ్న చెప్పాలి.

వెంట తీసుకువెళ్ళిన ప్రశ్న

మా సంఘము సముద్రానికి దగ్గరలో ఉన్నది. మా విశ్వాసులలో సగానికి పైగా చేపల మీద, రొయ్యల మీద, పీతల మీద బ్రతికేవారే. వేటకు వెళ్ళేవారు కొందరు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవారు కొందరు, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మే స్త్రీలు కొందరు. ఆ సంవత్సరము వేసవిలో మా ఊరిలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగాయి. రెండవ రాత్రి వచ్చిన బోధకుడు లేవీయకాండము 11వ అధ్యాయము తీసి, నీళ్ళలో బ్రతికేవాటిలో రెక్కలు, పొలుసులు లేనివన్నీ దేవునికి హేయమనియు, రొయ్యలు పీతలు తినేవారు, అమ్మేవారు అపవిత్రులనియు గట్టిగా చెప్పాడు.

తరువాతి ఆదివారము ప్రభువు బల్ల జరిగింది. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుండే ఒక సహోదరి వెనుక గుమ్మము దగ్గర కూర్చున్నది. రొట్టె తీసుకోలేదు. ఆమె భర్త చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. రొయ్యలు, పీతలు అమ్మి ఇద్దరు పిల్లలను చదివించుకొంటున్నది. ఆరాధన అయిన తరువాత మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"అయ్యగారండీ, నా గంపలో సరుకు దేవుడికి అసహ్యమంటన్నారు గదండీ. మరి ఆ డబ్బుల్లోంచి నేనేసిన దశమభాగం దేవుడు పుచ్చుకున్నాడాండీ, లేదాండీ?"

మేము, "ప్రార్థన చేద్దామమ్మా, తరువాత వివరముగా చెబుతాము" అన్నాము.

పాఠకుల ఎదుట దాచడమెందుకు? ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. బైబిలు కళాశాలలో మొదటి ఏడాదిలోనే చెప్పారు. అయితే ఆ బోధకుని పిలిపించినవారు మా మందిరము పైకప్పుకు పెద్ద మొత్తము ఇచ్చినవారు. వారి మనస్సు నొప్పించడము ఇష్టము లేక ఊరకున్నాము. ఆ సహోదరి నాలుగు నెలలు బల్లలో పాలు తీసుకోలేదు. ఆ బరువుతోనే మేము విమానమెక్కాము.

ఎడారి నుండి సముద్రానికి

మా యాత్ర ఐగుప్తులో మొదలైంది. సీనాయి కొండ అడుగున ఆరవ శతాబ్దములో కట్టిన పరిశుద్ధ కాతెరీను మఠమును చూచి, బస్సులో తూర్పుగా దిగి సముద్రపు ఒడ్డున ఉత్తరముగా ప్రయాణము చేశాము. ఒక ప్రక్క పచ్చి గడ్డి పరక కూడా లేని రాతి కొండలు. మరొక ప్రక్క నీలిరంగు అద్దకము తొట్టిలాంటి సముద్రము. ఇది ఎఱ్ఱసముద్రపు పాయ. పొడవు సుమారు 160 కిలోమీటర్లు. ఎక్కడా పాతిక కిలోమీటర్లకు మించి వెడల్పు లేదు గాని కొన్ని చోట్ల లోతు 1800 మీటర్లు దాటుతుంది. తాబా అనే సరిహద్దుకు కొంచెము ముందు, ఒడ్డుకు దగ్గరలో కోట ఉన్న ఒక చిన్న ద్వీపము కనబడింది. ఎసోన్గెబెరు ఓడరేవు ఇదేనేమోనని కొందరు పండితుల అభిప్రాయము. 1938 మొదలు 1940 వరకు నెల్సన్ గ్లూక్ అనే పురావస్తు పండితుడు యొర్దాను దేశపు వైపున ఒక దిబ్బను త్రవ్వించి, అదే ఎసోన్గెబెరు అన్నాడు. తరువాతివారు దానిని సందేహించారు. దిబ్బ ఏదైనను తీరము మాత్రము ఇదే.

సరిహద్దు దాటితే ఏలాత్. ఏడాది మొత్తము మీద 30 మిల్లీమీటర్ల వర్షము కూడా పడని ఊరు. మన దగ్గర ఒక్క తుపాను పూట దానికి ఎన్నో రెట్లు కురుస్తుంది! ఒడ్డున నిలబడితే నాలుగు దేశాలు కనబడతాయి. ఇశ్రాయేలు, ఎదురుగా యొర్దాను, కుడి చేతి వైపు ఐగుప్తు, దూరముగా సౌదీ అరేబియా కొండలు. సాయంకాలము ఎదోము కొండలు ఎఱ్ఱబారినప్పుడు నీళ్ళ మీద ఆ రంగు పడుతుంది.

ఇశ్రాయేలీయులు అరణ్య ప్రయాణములో ఇక్కడ దిగారని సంఖ్యాకాండము 33:35 చెబుతున్నది. సొలొమోను ఓడలు కట్టించినదిక్కడే (1 రాజులు 9:26). అతడు స్వయముగా ఈ తీరానికి వచ్చాడని 2 దినవృత్తాంతములు 8:17లో చూస్తాము. యెహోషాపాతు ఓడలు బద్దలైనదీ ఇక్కడే (1 రాజులు 22:48). సొలొమోను చెట్లను గూర్చి, జంతువులను గూర్చి, పక్షులను గూర్చి, చేపలను గూర్చి కూడా మాట్లాడాడని 1 రాజులు 4:33లో ఉన్నది. యెరూషలేము కొండ మీద చేపలెక్కడివి? ఈ ఒడ్డున నిలబడి ఆ రాజు నీళ్ళలోనికి చూచి ఉంటాడని మాకు తోచింది.

గాజు కిటికీ దగ్గర

ఏలాత్‌లో సముద్రము లోపలికి కట్టిన ఒక దర్శన మందిరమున్నది. 1970 దశకములో కట్టినది. ఒడ్డు నుండి వంతెన మీద నడిచి, గుండ్రని గది లోపల మెట్లు దిగితే చుట్టూ గాజు కిటికీలు. తొట్టిలో చేపలను పెట్టి మనకు చూపడము కాదు. ఇక్కడ మనమే తొట్టిలో ఉంటాము. చేపలు బయట స్వేచ్ఛగా తిరుగుతూ మనలను చూస్తాయి. పగడపు దిబ్బలు తోటలోని పూలపాదుల వలె ఉన్నాయి.

మాతో వచ్చినవారు ఫొటోలు తీసుకొంటూ ముందుకు సాగారు. మా శ్రీమతి ఒక కిటికీ దగ్గర ఆగి, "ఆ రాయి కదిలిందండీ" అన్నది. మేము చూచాము. గోధుమ రంగు రాయి. చూస్తూ ఉండగా దాని చర్మము గరుకుదనము పోయి నునుపయింది, రంగు తెల్లబారింది, చేతులు బయటికి వచ్చాయి. అది ఆక్టోపస్. తన చేతుల మధ్యనున్న పొరను గొడుగు విప్పినట్లు విప్పి ఒక పగడపు గుబ్బను పూర్తిగా కప్పివేసింది. మనము కోడిపిల్లల మీద గంప బోర్లించినట్లు!

మాకు వింతగా తోచినది దాని చుట్టూ ఉన్న చేపలు. అయిదారు చేపలు అక్కడే కాచుకొని ఉన్నాయి. కొన్ని పసుపు రంగువి, గడ్డము క్రింద రెండు మీసాలతో. మన తీరములో గులివిందలు అంటామే, ఆ కుటుంబము చేపలు. ఒకటి రెండు ఎఱ్ఱ చారలవి, నోరు పెద్దవి, కదలకుండా ప్రక్కన నిలబడ్డాయి. ఆక్టోపస్ కదిలితే ఇవి కదిలాయి. మీసాల చేప ఒక బండ దగ్గరకు పోయి ఆగితే ఆక్టోపస్ అటు తిరిగింది. అంతలో ఒక చెయ్యి కొరడా విసిరినట్లు విసిరింది. ఎఱ్ఱ చారల చేప ఒకటి గిరుక్కున తిరిగి దూరముగా పోయింది. మా ప్రక్కనున్న పిల్లలు పకపక నవ్వారు.

మా మార్గదర్శి యూదుడు, ఆ ఊరివాడే. అతడు నవ్వుతూ, "మోషే ధర్మశాస్త్రము వలన అందరికంటె ఎక్కువ లాభము పొందినది ఈ ప్రాణే. భక్తిగల యూదులెవరూ దీనిని ముట్టరు" అన్నాడు. అందరూ నవ్వారు. మాకు మాత్రము మా ఊరి గడప దగ్గర నిలబడిన సహోదరి గుర్తుకు వచ్చింది. లేవీయకాండము 11వ అధ్యాయమును ఆమె మీద ప్రయోగించిన రోజున మేము నోరు మూసుకొన్నాము. ఆ అధ్యాయములోని ప్రాణియే ఇప్పుడు కిటికీ అవతల నుండి మమ్మును చూస్తున్నట్లనిపించింది.

శాస్త్రజ్ఞులు చూచినది

మేము చూచినదేమిటో ఆ రోజున మాకు పూర్తిగా తెలియలేదు. తరువాత చదివి తెలిసికొన్నాము. ఎడ్వర్డో సంపాయో అనే పోర్చుగీసు శాస్త్రజ్ఞుడు, అతనితోడివారు 2018, 2019 సంవత్సరాలలో ఈ ఏలాత్ దగ్గరను, ఐగుప్తులోని ఎల్ కుసేర్ దగ్గరను నీళ్ళలో దిగి ఆక్టోపస్‌లను పరిశీలించారు. ఆక్టోపస్ చేపలతో కలిసి వేటాడుతుందనియు, ఆ వేటలో కొన్ని చేపలను చేతితో గ్రుద్దుతుందనియు 2020 డిసెంబరులో ప్రకటించారు. 2024లో అదే బృందము మరింత వివరముగా వ్రాసింది. దాదాపు 120 గంటలు నీటిలో గడిపి, 13 వేటలను కెమెరాలతో తీసి, ఏ ప్రాణి ఎటు కదిలినదో లెక్క వేశారు.

తేలినదేమిటంటే, మీసాల చేపలు ముందుగా తిరిగి ఆహారమున్న చోటు వెదకుతాయి. ఎటు వెళ్ళాలో అవి చూపితే, ఎప్పుడు కదలాలో ఆక్టోపస్ నిర్ణయిస్తుంది. చేప మూతి పట్టని సందులలోనికి ఆక్టోపస్ చేతులు పోతాయి. దాక్కొన్న పీత గాని చిన్న చేప గాని బయటికి ఉరికితే చేపలకు దొరుకుతుంది, లోపలే ఉంటే ఆక్టోపస్‌కు దొరుకుతుంది. అయితే ఆ ఎఱ్ఱ చారల చేప వెదకదు, కదలదు, ఎవరో బయటికి తరిమిన దానిని మ్రింగడానికి కాచుకొని ఉంటుంది. ఆక్టోపస్ ఎక్కువగా గ్రుద్దేది ఆ చేపనే!

పని చేయనివాడు భోజనము చేయకూడదని థెస్సలొనీక సంఘానికి పౌలు వ్రాసిన మాట (2 థెస్స. 3:10) పాఠకులకు వెంటనే జ్ఞాపకమునకు వచ్చి ఉంటుంది. మాకూ వచ్చింది. కాని ఆక్టోపస్‌ను ప్రసంగీకుని చేయనక్కరలేదు. దానికి దాని కడుపే ముఖ్యము. మన వంటి న్యాయబుద్ధి దానికి ఉన్నదని మేము చెప్పడము లేదు. తనతో ఉన్నవాటిలో ఏది ఎటువంటిదో గుర్తించే తెలివిని మాత్రము సృష్టికర్త దానికి ఇచ్చాడు. సముద్రములోని చేపలను అడిగితే అవి నీకు తెలియజేస్తాయని యోబు అన్నాడు గదా (యోబు 12:8).

ఈ ప్రాణిని గూర్చి మరికొన్ని సంగతులు. దానికి మూడు గుండెలు. మన రక్తములో ఇనుము ఉన్నట్లు దాని రక్తములో రాగి ఉన్నది గనుక రక్తము నీలముగా ఉంటుంది. నాడీకణాలు సుమారు 50 కోట్లు, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు చేతులలోనే ఉన్నాయి. చేతుల మీది బొడిపెలతో తాకడమే కాదు, రుచి కూడా చూస్తుంది. ఎముక లేదు, పెంకు లేదు. పాము వంటి మొరే చేప వెంటబడితే సిరా చిమ్మి తప్పించుకొంటుంది. చెయ్యి తెగిపోయినా మళ్ళీ మొలుస్తుంది. ఇన్ని తెలివితేటలున్నా చాలా జాతులు ఒకటి రెండేళ్ళకు మించి బ్రతకవు.

అన్నిటికంటె మా మనస్సును కదిలించినది తల్లి ఆక్టోపస్ సంగతి. గుడ్లు పెట్టిన తరువాత అది వాటిని విడువదు. వాటి మీద మురికి చేరకుండ నీళ్ళు చిమ్ముతూ, దగ్గరకు వచ్చిన పీతలను చేపలను తరుముతూ కూర్చుంటుంది. తిండి మానివేస్తుంది. పిల్లలు బయటికి వచ్చే వేళకు చచ్చిపోతుంది. కాలిఫోర్నియా తీరము దగ్గర సుమారు 1400 మీటర్ల లోతులో ఒక తల్లి ఆక్టోపస్‌ను శాస్త్రజ్ఞులు 2007 నుండి 2011 వరకు పలుమార్లు చూచారు. 53 నెలలు అది అదే బండను అంటిపెట్టుకొని ఉన్నది. వారు వెళ్ళిన ఏ ఒక్కసారీ అది తినగా చూడలేదు. నాలుగేళ్ళకు పైగా!

రెక్కలు, పొలుసులు లేనివి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాము. దీనిని తినవచ్చునా? రొయ్యను, పీతను తినవచ్చునా?

లేవీయకాండము 11:9-12 ప్రకారము ఇశ్రాయేలీయులు వీటిని తినకూడదు. మన పులుసులో వేసుకొనే జెల్ల చేపకు పొలుసులు లేవు. బాలింతలకు పాలు పడాలని వండిపెట్టే సొర చేపకు కూడా యూదులు లెక్కించే పొలుసులు లేవు. ఆ బోధకుడు రొయ్యల దగ్గర ఆగిపోయాడు గాని, సరిగ్గా లెక్క వేస్తే మన తీరములో సగము వంటిళ్ళు మూతపడాలి!

ఈ నియమమునకు కొందరు ఆరోగ్య కారణాలు చెబుతారు. కాని ఆ అధ్యాయము చివర దేవుడే కారణము చెప్పాడు. తాను పరిశుద్ధుడు గనుక తన ప్రజలు ప్రత్యేకముగా ఉండాలి (11:44-45). ఆ ప్రాణులు చెడ్డవని గాని, దయ్యము సృష్టి అని గాని ఎక్కడా లేదు. పైగా బైబిలులో దేవుడు పలికిన మొట్టమొదటి ఆశీర్వాదము ఎవరికి? మనుష్యులకు కాదు. ఆదికాండము 1:22 చూడండి. నీళ్ళలోని జీవులకు, పక్షులకు. ఆ ఆశీర్వాదములో ఆక్టోపస్ ఉన్నది, రొయ్య ఉన్నది, పీత ఉన్నది.

ఏలాత్ నుండి యెరూషలేము వెళ్ళి, చివరి రోజున యొప్పేకు వెళ్ళాము. పేతురు మధ్యాహ్నము ఆకలిగొని మిద్దె మీద ప్రార్థన చేసినప్పుడు, నాలుగు చెంగులు పట్టి దింపిన దుప్పటి వంటి దానిలో సకల విధమైన జంతువులను చూచిన ఊరది (అపొ. కార్య. 10). దేవుడు పవిత్రపరచిన దానిని నిషిద్ధమని ఎంచవద్దని అతనికి మూడుమార్లు చెప్పబడింది. అది కేవలము భోజనమును గూర్చిన మాట కాదని పేతురు కొర్నేలీ ఇంటిలో గ్రహించాడు. ఏ మనుష్యుని కూడా నిషేధింపదగినవాడని గాని అపవిత్రుడని గాని అనకూడదు (10:28).

ఇంకొక సంగతి మేము ఆ ఊరి ఇరుకు వీధులలో నడుస్తుండగా తలంపునకు వచ్చింది. పేతురు దిగినది ఎవరి ఇంట? చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన జంతువుల తోళ్ళు ముట్టే పని. యూదులు ఆ వృత్తిని తక్కువగా చూచేవారు. వృత్తిని బట్టి మనిషిని దూరముగా కూర్చుండబెట్టడము అంటే ఏమిటో మన సంఘాలలో ఎవరికీ వివరించనక్కరలేదు. మన తాతలు దానిని అనుభవించారు. దర్శనము రాకముందే అపొస్తలుడు ఆ ఇంట భోజనము చేస్తున్నాడు. మేమైతే మా సహోదరి గుమ్మము దగ్గర కూర్చుంటే నాలుగు నెలలు చూస్తూ ఊరకున్నాము.

భోజనము చేత సహోదరుని పాడుచేయవద్దని పౌలు రోమా సంఘానికి వ్రాశాడు (14:15). తినేవాడు ఆ మాట వినాలి. తినవద్దని నిందించేవాడు కూడా వినాలి. మార్కు 7:18-19, రోమీయులకు 14:14, 1 కొరింథీయులకు 10:25, 1 తిమోతి 4:4 వచనములను కుటుంబ ప్రార్థనలో కలిసి చదువుకొనవలసినదిగా కోరుచున్నాము.

తినవచ్చును గాని

ఇంతటితో ఆపితే మా పని సులువయ్యేది. కాని గాజు కిటికీ అవతల చూచినది మమ్మును ఆపనియ్యలేదు. తినడము పాపము కాదు, సరే. ఎట్లయినా పట్టవచ్చునా? ఎట్లయినా చంపవచ్చునా?

2021 నవంబరులో లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన జొనాథన్ బర్చ్ బృందము మూడు వందలకు పైగా పరిశోధనలను పరిశీలించి, ఆక్టోపస్‌లు, అలాగే పీతలు, రొయ్యల వంటివి బాధను అనుభవిస్తాయనడానికి తగిన ఆధారమున్నదని చెప్పింది. 2022లో బ్రిటను తన చట్టములో వీటిని బాధ తెలిసిన ప్రాణులుగా చేర్చింది. స్పెయిను దేశపు కెనరీ దీవులలో ఏటా సుమారు పది లక్షల ఆక్టోపస్‌లను తొట్లలో పెంచి, మంచు నీళ్ళలో వేసి చంపాలనే ఒక ప్రణాళిక 2023లో బయటపడినప్పుడు చాలామంది అభ్యంతరము చెప్పారు. ఒంటరిగా బ్రతికే ప్రాణిని గుంపుగా కుక్కితే ఒకదానినొకటి తింటాయి. అవి మాంసాహారులు గనుక వాటిని మేపడానికి మరెన్నో చేపలను పట్టాలి. 2024లో అమెరికాలోని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు ఇటువంటి పెంపకాన్ని నిషేధించాయి. కొరియా దేశములో చిన్న ఆక్టోపస్‌ను అప్పటికప్పుడు ముక్కలు చేసి, చేతులు ఇంకా మెలికలు తిరుగుతూ ఉండగానే తినడము ఒక అలవాటు. మాంసము తినడానికి నోవహుకు అనుమతి ఇచ్చినప్పుడే దేవుడు దానితో ఒక హద్దు పెట్టాడు (ఆది. 9:3-4). ప్రాణముతో ఉన్న జంతువు అవయవమును తినకూడదని యూదా బోధకులు ఆ వచనము నుండి నేర్పారు.

దూర దేశాల తప్పులు లెక్కించడము తేలిక. మన పెరటిలో ఏమి జరుగుతున్నది? మన తీరములో ఆక్టోపస్ తినేవారు తక్కువ. మర పడవల వలలలో పడితే ఎగుమతికి పోతుంది. కాని బ్రతికున్న కొరమేనును బూడిదలో వేసి రాస్తాము. పీత కాళ్ళను ప్రాణముండగానే విరుస్తాము. పిల్లలు పీతకు దారము కట్టి ఆడుతుంటే చూచి నవ్వుతాము. ఆదివారము విందుకు కోళ్ళను కాళ్ళు కట్టి తలక్రిందులుగా సైకిలుకు వ్రేలాడదీసి, అదే సైకిలు మీద ఆరాధనకు వస్తాము. రొయ్యల పెంపకములో మన రాష్ట్రమే దేశములో మొదటిది. హేచరీలలో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని దాని ఒక కంటి కాడను కత్తిరించే పద్ధతి ఉన్నది. మా సంఘ యౌవనస్థులలో ఆ పని చేసినవారున్నారు. వారిని మేము నిందించము. కూలి కొరకు చేశారు. అయితే ఇది మనమెవ్వరమూ ప్రార్థనలో తలపెట్టని సంగతి.

నీతిమంతుడు తన పశువు ప్రాణమును లెక్కచేస్తాడని సామెతలు 12:10 చెబుతున్నది. నూర్చే ఎద్దు మూతికి చిక్కము పెట్టవద్దన్నది ధర్మశాస్త్రము (ద్వితీ. 25:4). నీనెవెను దేవుడు కనికరించినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలో చేర్చాడు (యోనా 4:11). గూటిలో పిల్లల మీద గాని గుడ్ల మీద గాని తల్లి పక్షి కూర్చుండగా చూస్తే, తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనవద్దన్నాడు (ద్వితీ. 22:6-7). ఏది పవిత్రము ఏది అపవిత్రమన్న నియమము క్రీస్తు వచ్చిన తరువాత మారింది. తల్లిని కనికరించమన్న నియమము మారిందని మాత్రము క్రొత్త నిబంధనలో మాకు ఎక్కడా కనబడలేదు.

గంపలో గుడ్ల పీత

తిరిగి వచ్చిన మొదటి ఆదివారము మేము అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము బోధించాము. బోధకు ముందు సంఘము ఎదుట మా మౌనమును ఒప్పుకొని క్షమాపణ కోరాము. పైకప్పుకు సహాయము చేసిన పెద్దలు కొన్ని వారాలు మాతో ముభావముగా ఉన్నారు. తరువాత సర్దుకొన్నారు. ఆ సాయంకాలము మేమిద్దరము ఆ సహోదరి ఇంటికి వెళ్ళాము. గంప ప్రక్కన పెట్టి మాకు మంచము వాల్చింది. ఏలాత్‌లో చూచిన ప్రాణిని గూర్చి, ఆహారము మాని గుడ్లను కాచే తల్లిని గూర్చి, తల్లి పక్షిని గూర్చిన ఆజ్ఞను గూర్చి చెప్పాము. క్రొత్త సంగతి నేర్పుతున్నామని అనుకొన్నాము.

ఆమె శ్రద్ధగా విని, "అది మాకు తెలుసండీ అయ్యగారూ" అన్నది. "పొట్ట కింద గుడ్డు పొదువుకున్న పీత పడితే మా ఆయన మళ్ళా ఏట్లో వొదిలేసేవోరండీ. గుడ్ల పీతకే ధరెక్కువండీ. అయినా ఒద్దనేవోరు. తల్లిని అమ్ముకుంటే ఇంట్లో పిల్లలు నవ్వుతారా అనేవోరండీ. ఆయన పోయాక కూడా నేనట్టాంటివి కొననండీ."

మేము కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. ఆయనకు చదువు రాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమును ఎవరూ ఆయనకు చదివి వినిపించి ఉండరు. సంఘము అపవిత్రమన్న గంప ఎన్నో ఏళ్ళుగా దేవుని ఆజ్ఞను నెరవేరుస్తూ వచ్చింది! మా శ్రీమతి ఆమె చేతులు పట్టుకొని ప్రార్థన చేసింది. మరుసటి నెల బల్ల దగ్గర ఆ సహోదరి ముందు వరుసలో కూర్చున్నది.

ఇప్పుడు మా సంఘములో స్త్రీల సమాజమువారు కొన్ని చిన్న తీర్మానాలు చేసికొన్నారు. గుడ్లు పొదిగిన పీతను కొనకూడదు, పడితే వదలాలి. పీతను గాని కొరమేనును గాని ముందు ఒక్క దెబ్బతో ప్రాణము తీసిన తరువాతనే శుభ్రము చేయాలి. కోళ్ళను బుట్టలో తేవాలి. తినబోయే దానిని పిల్లలు ఆటవస్తువుగా చేయకూడదు. విందులో మిగిల్చి పారవేయకూడదు. అందరూ పాటిస్తున్నారని చెప్పలేము. కొందరు నవ్వారు కూడా. పీత దగ్గర కూడా ప్రార్థన చేయాలా అని ఒక పెద్దాయన అడిగాడు. భోజనానికి ముందు మనము చేసేది అదే గదా అన్నాము.

2023 అక్టోబరులో ఆ దేశములో యుద్ధము వచ్చిన తరువాత మాతో యాత్రకు వచ్చినవారిలో కొందరు ఏలాత్‌ను గూర్చి అడుగుతూ ఉంటారు. దక్షిణ గ్రామాలలో ఇండ్లు విడిచినవారు వేలమంది ఆ ఊరి హోటళ్ళలో తలదాచుకొన్నారని చదివాము. ఆ తీరానికి సమాధానము కలగాలని, ఆ నాలుగు దేశాల ప్రజల కొరకు ప్రార్థన చేయండి.

ప్రియ పాఠకులారా, ఈ పూట మీ ఇంట చేపల పులుసో, రొయ్యల ఇగురో ఉడుకుతూ ఉంటే సంతోషముగా భుజించండి, దేవునికి కృతజ్ఞతలు చెల్లించండి. మీ పళ్ళెములోనికి అది వచ్చిన దారిని ఒక్కసారి పిల్లలతో మాట్లాడండి. మీ వాకిట గంప దించిన తల్లిని లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇవ్వండి. సముద్రమును అందులోని సమస్తమును చేసిన దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.